ఎద్దు కుంటినపుడు రైతు పరీక్షింపవలసిన విషయములు

1. ఉపోద్ఘాతము

కృష్ణకును పెన్నకును నడుమ, గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతమున పెరిగిన ఒంగోలు జాతి పశువు దేశదేశముల ప్రఖ్యాతి గన్నది. 19వ శతాబ్దము మొదలుకొని ఓడలమీద బ్రెజిలు దేశమునకు చేరిన ఈ జాతి పశువుల సంతతి అచ్చట నేటికిని ‘నెలోర్’ అను పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. ఇట్టి బలిష్ఠమైన పశువునకైనను నాలుగు కాళ్లలో నొకటి నొచ్చినయెడల మిగిలిన దేహబలమంతయు నిరుపయోగమగును.

గుంటూరు, ప్రకాశము మండలములలోని నల్లరేగడి భూములయందు నేడు దుక్కి చాలవరకు ట్రాక్టరులచే జరుగుచున్నను, ప్రత్తి సాళ్ల నడుమను మిరప సాళ్ల నడుమను గుంటక తోలుటకు ఎడ్లజతను నమ్ముకొన్న రైతులు పలువురు కలరు. వానవెలిసి భూమి పదునుమీద నుండు దినములు స్వల్పము. ఆ దినములలో జతలో నొక ఎద్దు కుంటుపడినచో రెండవది గూడ కొట్టమునందే నిలువవలసివచ్చును, కలుపు పెరుగును, కూలి ఖర్చు హెచ్చును. ఇంతకంటె గొప్ప నష్టము మఱియొకటి కలదు. కుంటునకు మూలమేదియో విచారింపకయే జబ్బమీదనో తుంటిమీదనో వాతలు వేయించుట, మూలము గిట్టలో నుండగా నెలలకొలది కాలము వృథాచేయుట, కడపట ఆ పశువును సగము ధరకు తెగనమ్ముట అనునవి గ్రామములలో తఱచుగ జరుగుచున్నవి. విచారణకు ముందే తీర్పు చెప్పినట్లున్న ఈ పద్ధతి వలన చెడిపోయిన ఎడ్లు లెక్కకు మిక్కిలి.

కుంటు అనునది రోగము కాదు. ఒకానొక రోగమునకు లక్షణము మాత్రమే. కావున ఏ కాలు, ఏ భాగము, ఏ కారణము అను మూడు ప్రశ్నలకు వరుసగా సమాధానము దొరకిన పిమ్మటనే చికిత్స మొదలిడవలెను. ఆ క్రమమునే ఈ కరపత్రమునందు వివరించుచున్నాము.

2. ఏ కాలు నొచ్చినదో తెలిసికొనుట

పశువును ముందుగా కదలింపక, సమతలమైన గట్టి నేలపై నిలిపి దూరమునుండి చూడవలెను. నొచ్చిన కాలిపై పశువు భారము మోపదు. ఆ కాలిని ముందుకు చాచియో, గిట్ట మొనను మాత్రము నేలకు తాకించియో నిలుచును. రెండు ముంగాళ్లయందును లోపలితట్టు గిట్టలు నొచ్చుచున్న ఎద్దు ముంగాళ్లను అడ్డముగ పెనవైచుకొని నిలుచుట కలదు. వెన్ను విల్లువలె వంచి నిలుచుటయు కాళ్ల నొప్పికి గుర్తే.

తరువాత పలుపు వదులుగా పట్టి, ఒకరు నడిపింపగా మఱియొకరు ముందునుండియు వెనుకనుండియు ప్రక్కనుండియు చూడవలెను. పలుపు బిగించినచో తల కదలిక తెలియదు. ముంగాలు నొచ్చిన పశువు ఆ కాలు నేలను తాకునపుడు తల పైకెత్తును. మంచి కాలు మోపునపుడు తల దించును. తల దిగినపుడు నేలమీదనున్న కాలే చెడినదని కొందఱు పొరబడుదురు. నిజము దీనికి విపర్యయము. వెనుకకాలు నొచ్చినపుడు ఆ కాలు మోపునప్పుడెల్ల ఆ వైపు తుంటి రెండవ వైపు తుంటికంటె పైకి లేచును. ఎద్దులయందు తల ఊపు గుఱ్ఱములయందు వలె స్పష్టముగ నుండదు. గావున రెండు మూడు మారులు నడిపింపవలెను.

కాలు మోపునపుడు బాధ హెచ్చుగ నున్నయెడల మూలము సామాన్యముగ గిట్టయందు గాని క్రింది ఎముకలయందు గాని యుండును. కాలు ఎత్తి ముందుకు వేయునపుడు బాధ హెచ్చినచో జబ్బ, తుంటి, పై కండరములను శంకింపవలెను. గట్టి బాటపై కుంటు హెచ్చినచో గిట్టయందును, మెత్తని దుక్కిలో హెచ్చినచో కండరములయందును కీళ్ల బంధములయందును వెదకవలెను. ఇవి త్రోవ చూపు గుర్తులే గాని తుది నిర్ణయములు కావు.

3. గిట్టనుండి పైకి వెదకవలెను

పశువుల కుంటులలో అత్యధిక భాగము గిట్టలోనే పుట్టును. అందుచేత జబ్బయందు వాపు కనబడినను, ముందుగా గిట్టను శుభ్రముగ కడిగి చూడక వేఱొక నిర్ణయమునకు రాకూడదు. నల్లరేగడి మట్టి గిట్టల చీలికలో కూరుకొని ఎండి రాయివలె గట్టిపడును. దానిలో ప్రత్తిమోళ్ల ముక్కలు, కందిమోళ్లు, తుమ్మముళ్లు, గులకఱాళ్లు దాగియుండును. బురద కడుగక గిట్ట చూచితిమనుట చూడకుండుటతో సమానము.

ఎద్దును త్రాళ్లతో పడవేసియో, కాలు త్రాటితో ఎత్తి కట్టియో క్రింది క్రమమున పరీక్షింపవలెను.

మొదట గిట్టల చీలికను వ్రేళ్లతో విడదీసి పుండు, చీము, దుర్వాసన, పొక్కులు కలవేమో చూడవలెను. రెండవది, గిట్టను అఱచేతితో తాకి రెండవ కాలి గిట్టతో పోల్చి వేడిమి హెచ్చుగ నున్నదేమో తెలిసికొనవలెను. మూడవది, గిట్ట అడుగును చిన్న సుత్తితో మెల్లగ తట్టుచు గాని, పట్టకారుతో చోటు మార్చి నొక్కుచు గాని పోవలెను. ఏచోట నొక్కగా పశువు కాలు చటుక్కున లాగుకొనునో అచ్చట గుర్తుంచవలెను. నాల్గవది, డెక్కలు చెక్కు కత్తితో అడుగును పలుచగ చెక్కి నల్లని చుక్కగాని గీతగాని యున్నదేమో చూడవలెను. అడుగు కొమ్ము మందము అర అంగుళమునకు తక్కువ. దాని వెనుకనే రక్తమాంసములు గల సున్నిత భాగమున్నది. కావున లోతుగ చెక్కరాదు.

గిట్టలో ఏమియు దొరకనప్పుడే పైకి పోవలెను. చీలమండ, ముంగాలి మోకాలు, మోచేయి, జబ్బ అను వరుసను ముంగాలికిని, చీలమండ, మడమకీలు, తొడక్రింది చిప్ప, తుంటి అను వరుసను వెనుకకాలికిని పాటించి, ఒక్కొక్క కీలును మెల్లగ వంచి చాచి, వాపు, వేడిమి, కరకర శబ్దము పరీక్షింపవలెను. ప్రతి భాగమును రెండవ కాలితో పోల్చుటయే రైతు చేతనున్న గొప్ప కొలమానము.

4. గిట్టలోని బాధలు, చికిత్స

ముల్లు, మేకు, మోడు: ప్రత్తి, మిరప, కంది కోసిన పొలములందు మిగిలిన మోళ్లు ఈటెమొనలవలె గిట్టలో దిగును. గ్రుచ్చుకొన్న వస్తువును చూచిన వెంటనే, అది దిగిన చోటును దిక్కును గుర్తుంచుకొని తీయవలెను. రంధ్రము మూసికొనిపోయి లోన చీము పట్టినయెడల క్రిందినుండి చీము కాఱుటకు దారి చేయవలెను. లేనిచో అది పైకి పాకి గిట్ట అంచుయొద్ద చిట్లి కీలును చెఱచును. పుండును అయొడిను మందుతో కడిగి, శుభ్రమైన దూది పెట్టి, బురద తగులకుండ గుడ్డతోను గోనెపట్టాతోను కట్టి, పొడినేలపై నుంచవలెను. పేడ, బొగ్గుపొడి, కందెన వంటివి పుండునందు పెట్టరాదు. మట్టియు పేడయు ధనుర్వాత బీజములకు నిలయములు. కావున లోతుగ గ్రుచ్చుకొన్న ప్రతి పుండునకును పశువైద్యునిచే ధనుర్వాత నిరోధక సూది వేయింపవలెను.

గిట్టకుళ్లు: వానకాలమున బురదలో నిలిచిన పశువులకు గిట్టల చీలిక చిట్లి, కుళ్లి, దుర్వాసన గొట్టును, కాలు వాచి జ్వరము రావచ్చును. పశువైద్యుడు సూదిమందు త్వరలో ఇచ్చినయెడల ఇది శీఘ్రముగ నయమగును. ఆలస్యమైనచో కీలునకు చేరును. కొట్టమును పొడిగా నుంచుటయు, 100 పాళ్ల నీటికి 5 పాళ్ల మైలుతుత్తము కలిపిన తొట్టిలో గిట్టలు మునుగునట్లు నడిపించుటయు నివారణోపాయములు. ఆ నీటిని పశువులు త్రాగకుండ చూడవలెను.

గాలికుంటు వ్యాధి: ఒకటికంటె ఎక్కువ కాళ్లు నొచ్చి, నోటియందు పొక్కులు, చొంగ, జ్వరము కూడియున్నచో అది గాలికుంటు. ఇది అంటువ్యాధి, ఒక పశువునకు వచ్చిన మఱునాడే మందంతటిని విచారింపవలెను. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద 6 మాసములకొకమారు ఉచితముగ వేయు టీకాను తప్పక వేయించుటయే దీనికి మేలైన మందు.

పెరిగిన గిట్టలు: పశువుల గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగును. కొట్టమునందే నిలిచి అరుగుదల లేని పశువునకు గిట్టలు పొడుగై, భారము మడమవైపునకు పోయి, అడుగున పుండు పుట్టును. ఏడాదికి రెండుమారులైనను గిట్టలు చెక్కించుట మంచిది. ఒక గిట్ట అడుగు పుండైనచో రెండవ మంచి గిట్టకు చెక్కదిమ్మను అంటించి భారమును దానిపైకి మార్చుట నేటి పశువైద్యులు పాటించు సులభమైన ఉపాయము.

లాడములు: బండికట్టు ఎడ్లకు లాడములు కొట్టించునపుడు మేకు ఒక వెంట్రుకవాసి లోపలికి పోయినను సున్నిత భాగమును నొక్కును. లాడము కొట్టిన తరువాత కొన్ని దినములలోపుననే కుంటు మొదలైనయెడల మఱియే కారణమును వెదకక ముందుగా ఆ మేకులను ఒక్కొక్కటిగా ఊడదీయింపవలెను.

5. కీళ్లు, బంధములు, చిప్ప

వేసవిలో నల్లరేగడి నేల నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలో కాలు పడి మెలిదిరుగుటయు, బండలాగుడు పోటీలకై ఎడ్లను ఒక్కుమ్మడిగా హెచ్చు బరువులకు పూన్చుటయు కీళ్లు బెణుకుటకు ముఖ్యకారణములు. బెణికిన మొదటి రెండు దినములు చన్నీటి ధార పోయుట, పూర్తి విశ్రాంతి యిచ్చుట మేలు. అప్పుడే మర్దనము చేయుటయు వేడి కాపుటయు వాపును హెచ్చించును. వాపు నిలిచిన పిదప గోరువెచ్చని కాపడము పెట్టవచ్చును. కుంటు మానినంత మాత్రమున బంధము బలపడినట్లు గాదు. మఱి కొన్ని వారములు తేలిక పని మాత్రమే చేయింపవలెను.

కీలుమీది గాయమునుండి నూనెవంటి జిగట ద్రవము కాఱినయెడల కీలు తెఱచుకొన్నదని తెలియవలెను. ఇది ఆనాడే వైద్యుని చేరవలసిన ఆపద.

ఎడ్లయందు తఱచుగ కనబడు మఱియొక బాధ తొడక్రింది చిప్ప పైకెక్కి పట్టుకొనుట. కూర్చున్న ఎద్దు లేచి కొన్ని అడుగులు వేయునంతవఱకు వెనుకకాలు వంగక కొయ్యవలె వెనుకకు చాచియుండి, గిట్ట మొన నేలను గీకుచు, పిమ్మట ఒక్కసారిగ ఎగిరిపడినట్లు ముందుకు వచ్చును. దీనిని వాతమని భావించి తుంటిమీద వాతలు వేయుదురు. మూలము తుంటిలో లేదు. చిప్పను పట్టియుంచు లోతట్టు బంధములో నున్నది. పశువైద్యుడు ఆ చోట మత్తుసూది వేసి ఆ యొక్క బంధమును కోసినయెడల, అనేక సందర్భములలో పశువు వెంటనే సరిగా నడచును. ఎన్ని వాతలు వేసినను కోయబడని బంధమునకు కొన్ని నిమిషముల శస్త్రచికిత్స చాలును.

6. ఎముక విఱిగినప్పుడు

కాలు వ్రేలాడుట, ఉండరాని చోట వంగుట, కదలింపగా కరకరలాడుట ఎముక విఱిగిన గుర్తులు. పశువును నడిపింపరాదు. కాలిచుట్టు దూదిని మందముగ పఱచి, దానిపై వెదురు దబ్బలను నాలుగువైపుల నుంచి గుడ్డపట్టీతో కట్టవలెను. విఱిగిన చోటునకు పైనున్న కీలును క్రిందనున్న కీలును గూడ కట్టులో చేర్చవలెననుట ముఖ్యసూత్రము. విఱిగినచోటనే ముగియు పొట్టికట్టు మేలు చేయుటకు బదులు ఎముక మొనను చర్మముగుండ బయటికి పొడుచుకొని వచ్చునట్లు చేయును. గిట్టను కట్టు బయట నుంచి, అది చల్లబడుచున్నదేమో, వాచుచున్నదేమో దినదినము చూడవలెను.

రాయలసీమయందలి పుత్తూరు కట్టు మనుష్యులకును పశువులకును దేశప్రసిద్ధము. అందలి ఆకుపసరుల సంగతి ఎట్లున్నను, విఱిగిన ఎముకను వెదురు దబ్బలతో కదలకుండ నిలుపుట సర్వసమ్మతమైన సూత్రమే. 19వ శతాబ్ది మధ్యమున హాలండు సైనికవైద్యుడు ఆంటోనియస్ మాథిజ్‌సెన్ ప్రచారమునకు తెచ్చిన ప్లాస్టరు కట్టునకును ఇదియే ఆధారము. మోకాలికిని మడమకీలునకును క్రిందిభాగమున విఱిగిన ఎముక, ముఖ్యముగ దూడలయందు, ప్లాస్టరుతో సామాన్యముగ 4 మొదలు 6 వారములలో అతుకును. తొడయెముక, జబ్బయెముక విఱిగిన బరువైన ఎద్దునకు ఆశ స్వల్పము. అట్టిచో వైద్యుని సలహా త్వరగా పొందుట పశువును బాధనుండి తప్పించుటకైనను అవసరము.

7. గాయము లేని కుంటు: పండ్లును బావినీరును

గిట్ట శుభ్రముగ నున్నది, వాపు లేదు, ముల్లు లేదు, ఎముక విఱుగలేదు, అయినను ఎద్దు ఒకనాడు ఈ కాలు, మఱియొకనాడు ఆ కాలు కుంటుచు, లేచుటకు కష్టపడుచు, వయస్సు మీఱకయే ముసలిదానివలె బిగిసి నడచును. ఒక ఇంటి ఎద్దుకాదు, ఊరి ఎడ్లు పలువాటికి ఇదేవిధము. అట్టిచో ఆ ఊరి నీటిని శంకింపవలెను.

ఈ సంగతి మన ప్రాంతమునకు క్రొత్తది గాదు. 1930 ప్రాంతమున దర్శి, పొదిలి, కనిగిరి పరిసరములలో, కీళ్లు బిగిసి నొప్పిచే ఎడ్లు నడవజాలకుండుటను మొదట గుర్తించినవారు రైతులే యని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. 1937లో షార్ట్ అను వైద్యుడును అతని సహచరులును ఆనాటి నెల్లూరు జిల్లాయందలి మనుష్యులలో ఇట్టి వ్యాధిని పరిశోధించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని ప్రకటించిరి. భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిచరిత్ర ఈ నేలతోనే ఆరంభమైనది. ఆ ప్రాంతములు 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగ ఏర్పడిన క్రొత్త జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశము అను పేరు వచ్చినది. ఎద్దు కుంటును రైతు గమనించిన కొన్ని యేండ్లకు గాని మనుష్యుని వెన్ను బిగియుటకు కారణము శాస్త్రజ్ఞులకు తెలియలేదనుట మఱవదగినది కాదు.

గుర్తించు విధము: సంతలో ఎద్దును బేరమాడునపుడు వయస్సు తెలిసికొనుటకు ప్రతి రైతును నోరు తెఱచి చూచును. అప్పుడే పండ్ల రంగును గూడ చూడవలెను. దూడతనమునందు, శాశ్వత పండ్లు లోపల తయారగుచున్నప్పుడు ఫ్లోరైడు నీరు త్రాగిన పశువునకు ముందుపండ్లపై సుద్దవంటి మచ్చలు గాని, పసుపు, గోధుమ, నలుపు చారలు గాని ఏర్పడును. ఇవి గోటితో గీకినను పోవు. కుడివైపు పంటికిని ఎడమవైపు దాని జోడుకును సమానముగ నుండును. పండ్లు వయస్సునకు మించి అరిగిపోవును. నీరు చల్లగ తగిలిన పండ్లు జివ్వుమనుటచేత కొన్ని పశువులు నీటిని పీల్చక నాలుకతో నాకి త్రాగును. పిమ్మట ముంగాలి మోకాలి క్రింది ఎముకలమీదను, ప్రక్కటెముకలమీదను, దౌడమీదను చేయి నిమిరి చూచినయెడల గట్టి బొడిపెలు తగులును. వ్యాధి ముదిరిన పశువులయందు గిట్ట లోపలి చిన్న ఎముక తనంత విఱుగుటయు కలదు. మొదట చెప్పిన ముంగాళ్ల పెనవైపు దానికొక గుర్తు. పెరిగిన తరువాత వేఱు ఊరినుండి కొనితెచ్చిన ఎద్దునకు పండ్లు తెల్లగనే యుండి ఎముకలు మాత్రము చెడవచ్చును; కావున పండ్లు బాగున్నవని నీటిని నిర్దోషియని తలపరాదు.

లెక్క: మనుష్యుల త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదనియు, వేఱు నీరు లేనిచో 1.5 మిల్లీగ్రాముల వఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. పశువుల నీటికి 2 మిల్లీగ్రాములను హద్దుగ ఆస్ట్రేలియా ప్రమాణములు చెప్పుచున్నవి. వేసవిలో దినమునకు 50 లీటర్లు త్రాగు ఎద్దు, లీటరునకు 4 మిల్లీగ్రాములుగల బోరునీటిలో 200 మిల్లీగ్రాముల ఫ్లోరైడును లోన జేర్చుకొనును. దానిలో కొంత మూత్రముతో పోయినను, మిగిలినది ఎముకలో యేడాది వెంబడి యేడాది నిలువయగును. రాతినేలలో లోతుగ త్రవ్విన బోరులలో ఫ్లోరైడు హెచ్చుగ నుండుట కలదు. నీరు రుచికి తియ్యగ నున్నంత మాత్రమున నమ్మరాదు. పరీక్షకు ఆ నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపవలెను.

చికిత్స: ఎముకలో చేరిన ఫ్లోరైడును తీసివేయు మందు లేదు. వాతలును నూనెలును దీనికి నిరర్థకములు. నీరు మార్చుటయే చికిత్స. 1967 నుండి నాగార్జునసాగరు కుడికాలువ నీరు అందిన గ్రామములకు ఈ వసతి కలదు. అందనిచో వాననీటి చెఱువు, కుంట నీటిని పశువులకు ప్రత్యేకింపవలెను. మంచినీరు స్వల్పముగ నున్నయెడల, దానిని మొదట చూడి ఆవులకును, పండ్లన్నియు రాని దూడలకును, అనగా సుమారు 4 యేండ్ల లోపు పశువులకును ఇయ్యవలెను. పెద్ద ఎడ్లకు రెండు నీళ్లను కలిపి త్రాగించినను కొంత మేలే. లవణమిశ్రమము కొనునపుడు ఫ్లోరైడు తొలగింపని రాతిఫాస్ఫేటు కలిసినదానిని విడువవలెను. నీరు మారిన పశువునకు నొప్పి కాలక్రమమున తగ్గవచ్చును. పండ్ల మచ్చలును ఎముకల బొడిపెలును మాత్రము పోవు. ఎద్దు పండ్లపై చారలు కనబడిన యింట పిల్లల పండ్లను గూడ చూడవలెను; ఉభయులును త్రాగునది ఒకే బావి నీరైనయెడల, ఎద్దు చెప్పుచున్న సంగతి పిల్లలకును వర్తించును.

8. కుంటువలె కనబడు ఇతర వ్యాధులు

జబ్బవాపు: తొలకరి వానలలో 6 మాసములు మొదలు 2 యేండ్ల వయస్సుగల పుష్టియైన పశువునకు హఠాత్తుగ జ్వరము, కుంటు, తొడయందో జబ్బయందో నొక్కిన చిటపటలాడు వాపు కనబడినచో గంటలలో వైద్యుడు రావలెను. వానలకు ముందే టీకా వేయించుట మేలు.

మూడునాళ్ల జ్వరము: వానకాలమున హెచ్చు జ్వరముతో కుంటు ఒక కాలినుండి మఱియొక కాలికి మాఱుచుండును, సామాన్యముగ మూడు దినములలో తగ్గును. విశ్రాంతి ముఖ్యము.

పురుగుమందు విషము: ప్రత్తికిని మిరపకును మందు చల్లిన చేనిలో మేసిన పశువు చొంగ కార్చుచు, వణకుచు, తూలుచు నడచినచో అది కుంటు గాదు. మందుడబ్బాతో సహా వైద్యుని వెంటనే పిలువవలెను.

9. గుఱ్ఱము, కుక్క

కుంటును పరీక్షించు శాస్త్రము ముఖ్యముగ గుఱ్ఱము నాశ్రయించి పెరిగినది. 1761లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందు స్థాపింపబడిన పశువైద్య పాఠశాలయందును గుఱ్ఱమునకే అగ్రస్థానము. గుఱ్ఱమునకు ముంగాళ్లపై భారము హెచ్చు గనుక కుంటు తఱచుగ ముంగాలి గిట్టయందే యుండును. ఇటీవల పెండ్లి ఊరేగింపులకై గుఱ్ఱములను పెంచువారు తారుబాటపై పరుగు తీయింపరాదు. ధాన్యము తెగమేసిన గుఱ్ఱము ముంగాళ్లను ముందుకు చాచి భారమును వెనుకకు నెట్టి నిలిచినచో గిట్టలోపలి మెత్తపొరకు వాపు వచ్చినదని తెలిసి, గింజ మాన్పి, ఆనాడే వైద్యుని పిలువవలెను. ధనుర్వాతము గుఱ్ఱమునకు ఎద్దునకంటె సులభముగ సోకును.

మిరపకల్లములకు కావలియుండు కుక్క కుంటినచో మొదట వ్రేళ్ల సందులను ముల్లునకును పిడుదులకును చూడవలెను. పిడుదులవలన వచ్చు జ్వరము కీళ్లను వాపించును. ఎముకలేని మాంసము మాత్రమే తిని పెరిగిన పిల్లకు సున్నపుపాలు చాలక కాళ్లు వంగి విఱుగును. జర్మను షెపర్డు వంటి పెద్దజాతులకు తుంటికీలు వంశపారంపర్యముగ వదులై యుండుట కలదు, ఎక్స్‌రేవలన తెలియును, శరీరపు బరువు తగ్గించుట మొదటి మందు. అయితే కుక్క దౌడ వ్రేలాడుచు, చొంగ కార్చుచు, వెనుకకాళ్లు పడిపోయినట్లు నడచినచో ఎముక అడ్డుపడినదని నోటిలో చేయి పెట్టరాదు. అది పిచ్చికుక్క రోగము కావచ్చును. కుక్కను బంధించి దూరముగ నుండి వైద్యునికి తెలుపవలెను. కఱచినను, గీకినను, గాయముపై చొంగ పడినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి వెంటనే టీకా పొందవలెను.

10. చేయరానివి, చేయవలసినవి

నొప్పి మందులు: నొప్పి తగ్గించు సూదిమందు వేసి మఱునాడే కాడి పూన్చుట మహాపరాధము. నొప్పి తెలియని పశువు చెడిన కాలిపై బరువు మోపి దానిని పూర్తిగ చెఱచుకొనును. డైక్లోఫెనాక్ అను మందు 2006లో పశువులకు నిషేధింపబడినది. ఆ మందు శరీరమందున్న పశువు కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి వేలకొలది చచ్చుటయే దీనికి కారణము. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనునవియు పశువులకు నిషేధింపబడెను. మెలాక్సికామ్ వాడుకలో నున్నది. దాని మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. మనుష్యులు వాడు నొప్పి మాత్రలను కుక్కకు ఇయ్యరాదు. ఐబుప్రొఫెన్ దానికి విషము.

వాతలు: వాత నొప్పిమీద మఱియొక నొప్పిని పెట్టును గాని మూలమును తాకదు. వాతపుండునకు ఈగలు ముసిరి పురుగులు పట్టును. తోలు ధరయు పోవును.

దినచర్య: పనినుండి విప్పిన వెంటనే ప్రతి సాయంకాలము నాలుగు కాళ్ల గిట్టల చీలికలను కడిగి చేతితో తడిమి చూచుట ఐదు నిమిషముల పని. మోళ్లు కోసిన చేలలో దున్నుటకు ముందు మోళ్లను పెరికించుట, కొట్టపు నేలను పొడిగా నుంచుట, ఏడాదికి రెండుమారులు గిట్టలు చెక్కించుట, టీకాలు వేళకు వేయించుట, బోరునీటిని ఒకమారైనను పరీక్షింపించుట రైతు విధులు. రెండు దినములలో తగ్గని కుంటునకును, కాలు నేల మోపని పశువునకును సమీప పశువైద్యశాలను గాని, 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును గాని ఆశ్రయింపవలెను. వైద్యుడు వచ్చుసరికి ఏ కాలు, ఎప్పటినుండి, గట్టినేలపైనా మెత్తనేలపైనా, ఊరిలో ఇతర పశువులకు కలదా, త్రాగునది ఏ నీరు అను ఐదు విషయములు చెప్పగల రైతు సగము చికిత్స చేసినవాడగును.